సులోచనక్క కొంగు మీది ఇంగ్లీషు

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెద్దాయన పోయారని ఫోటో పెట్టారు. ఆయన నాకు ఏ వరసలో ఏమవుతారో తేల్చాలంటే ఒక పంచాయితీ కూర్చోవాలి. బతికుండగా ఆయన్ను చూసిన గుర్తు కూడా లేదు. అయినా ఆ ఫోటో కింద, రెండు గులాబీల మధ్య ఉన్న నాలుగు ఇంగ్లీషు మాటలు చూడగానే నా చేతిలోని కాఫీ లోటా వణికి, సగం కాఫీ లుంగీ మీద, సగం నేల మీద పడింది. "ఎవురు పోయినారు?" అంటూ మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఎవరో దూరపు చుట్టంలే అన్నాను. "దూరపు చుట్టానికి ఇంత వణుకేమప్పా నీకు? మా నాయన పోయినప్పుడు కూడా ఇట్ల వణకలేదే నువ్వు!" అని తుడుపుగుడ్డ నా ఒళ్ళో పడేసి పోయింది. నిజమే. మామగారు పోయినప్పుడు ఎవరూ ఇంగ్లీషు రాయలేదు. చావంటే నాకూ అందరికీ ఉన్నంత భయమే ఉంది. ఆ నాలుగు మాటలంటే మాత్రం ఊరందరి భయమూ నాకొక్కడికే ఉంది. ఫరెవర్ ఇన్ అవర్ హార్ట్స్. ఎప్పటికీ మా గుండెల్లోనే అని అర్థం. విడివిడిగా తీసి చూస్తే ఏ ఒక్క మాటలోనూ పాపం లేదు. ముప్పై అయిదేళ్ళ కిందట వాటిని నేను ఒక పెళ్ళికూతురి కొంగు మీదికి ఎక్కించాను.

మాది ధర్మవరం. రెండు గదుల ఇల్లు. అందులో ఒకటిన్నర గది మగ్గానిది. మిగిలిన సగంలో మేము మగ్గానికి అడ్డం రాకుండా సర్దుకుని బతికేవాళ్ళం. తెల్లారకముందే నాయన మగ్గం గుంతలోకి దిగితే పొద్దుగూకేదాకా అన్నానికి తప్ప పైకి వచ్చేవాడు కాదు. నడుము పైభాగమే కనిపించేది కాబట్టి, మా నాయనకు కాళ్ళు కూడా ఉన్నాయన్న సంగతి నాకు నేతపనికి సెలవుండే అమావాస్య నాడు మాత్రమే తెలిసేది. పట్టునూలుకు పట్టించిన గంజి వాసన, అమ్మ కాచే చింతపులుసు వాసన, జేజి నమిలే పొగాకు వాసన, మూడూ కలిసి గోడల్లోకి ఇంకిపోయి, ఎండాకాలంలో గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటుకునేవి. జేజి అంటే నాయనను కన్నతల్లి. గడప పక్కన రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతూ, వీధిన పోయేవాళ్ళందరినీ పలకరించేది. తిరిగి పలకనివాళ్ళను వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా తిట్టేది.

మా ఇంట్లో అందరికీ ఒక జబ్బు ఉండేది. మనుషుల మొహాలు చూసేవాళ్ళం కాదు. ఆడమనిషి ఎదురైతే మా కళ్ళు ముందు అంచు మీదికి, తర్వాత కొంగు మీదికి, తీరికుంటే అప్పుడు మొహం మీదికి పోయేవి. నాయన సినిమాకు వస్తే మరీ కష్టం. తెర మీద కథానాయిక బిడ్డను పోగొట్టుకుని గుండెలు బాదుకుంటూ ఉండగా హాలంతా ముక్కులు చీదుతుంటే, ఆయన మాత్రం "ఆ జరీ అసలుది కాదప్పా, సూడు ఎట్ల మెరుస్తాందో" అని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచేవాడు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. నేను చేసిన ఘోరానికి మూలం ఈ జబ్బులోనే ఉంది.

గోరంట్ల దగ్గర పట్టుపురుగులు పెంచే నారెప్ప అనే పెద్దమనిషి ఉండేవాడు. నాయనకు పాత స్నేహితుడు. ఒక్కగానొక్క కూతురు సులోచనకు పెళ్ళి కుదిరిందని, పెళ్ళిచీర నేయమని వచ్చాడు. పెళ్ళికొడుకు వాళ్ళది బెంగళూరు. "మా వియ్యంకుడు నోరు తెరిస్తే ఇంగ్లీషేనన్నా," అన్నాడు నారెప్ప, నీళ్ళచెంబు కింద పెట్టి. "మాతో మాట్లాడేటప్పుడు కూడా నడుమ నడుమ రాళ్ళేసినట్ల ఏస్తాడు. నా కూతురు కొంగు సూస్తానే ఆయప్ప నోరు పడిపోవల్ల. కొంగు మీద ఇంగ్లీషు నెయ్యి నువ్వు."

"ఏమని నెయ్యల్ల?" అన్నాడు నాయన.

"ఏదన్నా మంచి మాట. శుభంగా ఉండల్ల. నాకేమి తెలుసు?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. రాట్నం ఆపి జేజి కూడా తిరిగింది. నేను అప్పుడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం. పదో తరగతిలో ఇంగ్లీషు పాసయ్యాను. ఎన్ని మార్కులతో అన్నది ఏటేటా కొంచెం పెంచి చెబుతూ వచ్చాను కాబట్టి ఇప్పుడు నాకే సరిగ్గా తెలియదు. మా వీధిలో ఇంగ్లీషుకు పెద్ద దిక్కు మాత్రం నేనే. మందు సీసాల మీది రాతలు, రైలు టిక్కెట్లు, కోర్టు కాగితాలు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. అర్థమైనవి చెప్పేవాణ్ణి, కానివాటికి ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి.

ఆ వారమే బెంగళూరు నుంచి వచ్చిన జరీ పెట్టెకు ఒక ఇంగ్లీషు పేపరు చుట్టి ఉంది. అందులో ఒక పేజీ మీద పట్టుచీర కట్టుకుని, నిండుగా నగలు పెట్టుకుని నవ్వుతున్న ఒకావిడ ఫోటో. పైన ఏం రాసి ఉందో, అక్కడ కాగితం చిరిగిపోయింది. కింద మాత్రం లావుపాటి అక్షరాల్లో ఆ నాలుగు మాటలు. ఆ కాగితం ఇంటిల్లిపాది చేతుల్లోనూ తిరిగింది. నాయన అంచు చూసి, ఇది మన ధర్మవరం నేతేనని తేల్చాడు. కొంగు ఇంకాస్త కనపడేటట్టు ఫోటో తీసి ఉండాల్సిందని జేజి విసుక్కుంది. పట్టుచీర కట్టుకుని పేపర్లో నవ్వే మనిషి చీరల ప్రకటనకు కాక ఇంకెందుకు నవ్వుతుంది? ఆ మొహం వైపు ఒక్కరం కూడా నిదానంగా చూడలేదు. నేను ఆ మాటలను నారెప్పకు చదివి, ఎప్పటికీ నువ్వు మా గుండెల్లోనే ఉంటావమ్మా అని తెలుగు చేశాను. అంత మనిషీ కండువాతో మొహం దాచుకున్నాడు. "కూతుర్ని పంపే తండ్రి మాట ఇదేనప్పా," అన్నాడు కండువాలోంచే. "నా మనసులో ఉండేది ఎవురో పేపర్లో అచ్చేసినారే!"

ఇప్పుడైతే బొటనవేలితో ఒక నొక్కు నొక్కితే ఎంత ఇంగ్లీషైనా ఎవరి నెత్తిన పడితే వాళ్ళ నెత్తిన పడుతుంది. ఆ రోజుల్లో నాలుగు మాటలు గుడ్డ మీదికి ఎక్కాలంటే యుద్ధానికి పోయినంత పని. గ్రాఫు కాగితం మీద పద్దెనిమిది అక్షరాలను ఒక్కో గడి నింపుతూ నేను గీశాను. గీసిన దాన్ని చూసి, ఏ దారం లేవాలో మగ్గానికి చెప్పే అట్టలకు బెజ్జాలు కొట్టే ఆయన కొట్టాడు. రెండు వందల పైచిలుకు అట్టలు. (ఇన్నేళ్ళూ రెండు వేలని చెప్పాను, క్షమించాలి.) మగ్గం నెత్తిన ఆ అట్టలను తిప్పే జాకార్డు పెట్టె చాలదని పక్కింటి నుంచి ఇంకోటి అడిగి తెచ్చి బిగించాడు నాయన. ఒళ్ళంతా నేశాక చివర కొంగు. అక్షరాలు కొంగు వెడల్పునా అడ్డంగా వస్తాయి కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి కాక, పద్దెనిమిదీ ఒకేసారి పుడతాయి. కాన్పులో లాగా ముందు తలలు వచ్చాయి. మొదటిరోజు సాయంత్రానికి ఎర్రపట్టు మీద పద్దెనిమిది బంగారు నెత్తులు కనపడ్డాయి. వీధంతా వచ్చి చూసింది. "మావోడు రాసిందే," అని నాయన గుంతలోంచి చెబుతూనే ఉన్నాడు. నన్ను ఆయన అంతకుముందు "మావోడు" అన్నది లేదు. "వీడు" అనేవాడు.

మర్నాడు కాలేజీకి పోతే సంతాపసభ అన్నారు. ఎప్పుడో రిటైరైన లెక్కల లెక్చరరు పోయాడట. బల్ల మీద ఆయన ఫోటో, చామంతి దండ. వెనకాల నల్లబల్ల మీద మా ఇంగ్లీషు లెక్చరరు రంగు సుద్దముక్కలతో ఏదో రాస్తున్నాడు. ఎఫ్ రాసేటప్పుడు నాకేమీ అనిపించలేదు. 'ఫరెవర్' పూర్తయ్యేసరికి అరె, మన మాటే అని మురిశాను. 'ఇన్ అవర్' దగ్గర చెమట పట్టింది. 'హార్ట్స్' అని రాసి, కింద గీత గీసి, ఆయన మావైపు తిరిగి, అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించండి అన్నాడు. ఆ రెండు నిమిషాలు ఎంతసేపు సాగాయో నేను చెబితే నమ్మరు. నాకు ఆ మధ్యలో గడ్డం మొలిచిందేమో అనిపించింది. అందరూ తలలు వంచుకుని ఉంటే, నేనొక్కణ్ణి ఫోటో కింద దండ వైపు, దండ మీది ఈగ వైపు చూస్తూ, పేపర్లో నవ్విన ఆ పట్టుచీర మనిషి మొహాన్ని మొదటిసారి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. అంచు గుర్తొచ్చింది.

సభ ముగిశాక లెక్చరరు వెంటపడ్డాను. "సార్, ఈ మాట పెళ్ళికి రాయొచ్చునా?"

ఆయన ఆగి నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఎవుని పెళ్ళికిరా?"

"ఊరికే అడిగినా సార్."

"పోయినోళ్ళకు రాసే మాట అది. మాట మంచిదే, కాదనను. సమాధి రాళ్ళ మీద, పేపర్లో ఫోటో కింద, ఆడ రాస్తారు. బతికుండే మనిషికి రాస్తే, ఇంగ పోయి రామ్మా అన్నట్ల ఉంటాది."

కాలేజీ నుంచి ఇంటిదాకా నేను పరిగెత్తిన పరుగుకు మధ్యలో ఉన్న కుక్కలన్నీ పక్కకు తప్పుకున్నాయి. ఇంట్లోకి పోయేసరికి తలలు, మెడలు, భుజాలు వచ్చేశాయి. నాయన జరీ పోగు మోసే నాడెను అటూ ఇటూ విసురుతున్నాడు, నెత్తిన అట్టలు టకటకమని ఒక్కోటే తిరగబడుతున్నాయి. ఒక్కో అట్ట పడినప్పుడల్లా ఆ పద్దెనిమిది అక్షరాలూ బావిలోంచి పైకి తేలుతున్న మనుషుల్లా ఇంకాస్త పైకి వచ్చాయి. "యాడికిరా ఆ పరుగు?" అన్నాడు నాయన నవ్వుతూ. "నాయనా" అన్నాను. "ఏమి?" అన్నాడు. ఆ మొహంలో ఉన్న వెలుగు నేను పుట్టినప్పుడు కూడా ఉండి ఉండదు. సగం కొంగు నేశాక తప్పు జరిగిందంటే ఏమవుతుందో నాకు తెలుసు. కోసి పారేసి మళ్ళీ మొదలుపెట్టేది కాదది. జరీని విప్పితే పట్టు తెగుతుంది, పెళ్ళి ఆరురోజుల్లో ఉంది, ఇంకో చీర నేయడానికి ఇరవై రోజులు కావాలి. ఆడపిల్ల పెళ్ళిచీర చెడగొట్టాడన్న మాట పడితే నాయన మళ్ళీ ఆ గుంతలోంచి తలెత్తి వీధి వైపు చూడలేడు. "నీళ్ళు కావల్ల," అన్నాను.

నాయన అన్నానికి లేచాక జేజి దగ్గర కూలబడి అంతా చెప్పాను. జేజి పొగాకు ఉమ్మి, మగ్గం వైపు చూసింది.

"ఐతే ఆ పేపర్లో నవ్వినామె సచ్చిపోయిందా?"

"ఔ జేజీ."

"అయ్యో! బంగారట్ల చీర." కాస్సేపు ఆమె కోసం బాధపడింది. తర్వాత నా చెవి పట్టుకుని తన నోటి దగ్గరికి లాక్కుంది. "మీ నాయనకు సెప్పొద్దు. నారెప్పకు సెప్పొద్దు. ఆ పాపకు అసలే సెప్పొద్దు. సదవొచ్చినోళ్ళకే ఆ దోషం. యముడు తెలుగాయనో కన్నడాయనో, ఇంగ్లీషు సదివినోడైతే కాదు."

"సదివింటే జేజీ?"

జేజి లేచి, మోకాళ్ళు పట్టుకుని, నాయన లేని గుంతలోకి దిగింది. తలలోంచి ఒక తెల్ల వెంట్రుక పీకి, ఎత్తి ఉన్న పడుగు దారాల నడుమ ఒక అంచు వైపు పరిచి, దారాలను దగ్గరకు కొట్టే పలకను లాగి ఒక్క దెబ్బ వేసింది. వెంట్రుక చీరలో కలిసిపోయింది. "నా ఆయుస్సు ఈ బిడ్డకు కలిపినా," అంది. "వచ్చినోడు ముందు నన్ను తీసుకుపోవల్ల. గమ్మునుండు ఇంగ." అంతకుముందు నా భయం ఒక మనిషి కోసం. ఇప్పుడు ఇద్దరి కోసమైంది.

పెళ్ళికి నాయన నన్ను కూడా గోరంట్ల తీసుకుపోయాడు. సులోచనక్కను చూడటం అదే మొదలు. నాకంటే మూడేళ్ళు పెద్ద. జీవితంలో మొదటిసారి నేను ఒక ఆడమనిషి చీర చూడకుండా మొహం చూశాను, చీర చూసే ధైర్యం లేక. ఆమె హోమం దగ్గర కూర్చుంటే నేను బిందెడు నీళ్ళతో నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. ఆమె లడ్డు తింటూ దగ్గితే ముందు నేను కేక పెట్టాను, తర్వాత ఆమె తల్లి పెట్టింది. పందిరి రాట కదిలిందని మూడుసార్లు ఊపి చూసి, అదే రాటను నిజంగానే వదులు చేశాను. ఇంగ్లీషు వియ్యంకుడు కొంగు మడతలో పైకి కనపడిన 'ఫరెవర్' ఒక్కటీ చదివి, గుడ్ అని పోయాడు. "ఎవురప్పా ఈ పిల్లోడు, పెళ్ళికూతురి ఎనకాలే తిరుగుతాండాడు?" అని పెళ్ళికొడుకు మేనత్త అడిగింది. నారెప్ప గర్వంగా, కొంగు మీది ఇంగ్లీషు రాసినోడు అన్నాడు. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని కొంగు వైపు వంగింది. ఆ క్షణంలో నా ప్రాణం ఎటు పోయిందో నాకు తెలియదు కానీ, ఒంట్లో మాత్రం లేదు. "బో అందంగా ఉండాదే జరీ," అంది ఆమె.

ఆ తర్వాత జేజి ఇరవై ఏళ్ళు బతికింది. ఒక్కో జ్వరానికీ మంచంలోంచి నా వైపు చూసి, "గోరంట్ల పాప బాగుండాదా? ఐతే నా వంతే," అనేది. ఇరవై ఏళ్ళలో నలభై జ్వరాలు. నలభైసార్లు నేను చచ్చాను, ఆమె లేచి కూర్చుని పొగాకు అడిగింది. చివరికి తొంభై దాటాక, ఏ జ్వరమూ లేకుండా రాట్నం పక్కనే పోయింది. నేను రాతలు రాస్తూ, పదిమంది రాతలు దిద్దుతూ అనంతపురంలో స్థిరపడ్డాను. నారెప్ప వైపు వాళ్ళెవరైనా కనపడితే వానల గురించి, బోరుబావుల గురించి, చెనిక్కాయ పంట గురించి అరగంట మాట్లాడి, ఆఖర్న ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు సులోచనక్క ఎలా ఉందని అడిగేవాణ్ణి. మొగుడు పోయాక ఆమె పుట్టింటికే వచ్చేసిందని అలాగే తెలిసింది. ఆ కబురుకు పదిరోజులు అన్నం దిగలేదు, దోషం చీరలోంచి పక్కకు తగిలిందేమోనని. ఆమెకెదురుపడే ధైర్యం మాత్రం చేయలేదు.

కాఫీ ఒలికిన మర్నాడే గోరంట్ల బస్సు ఎక్కాను. యాభై అయిదేళ్ళ సులోచనక్క వాకిట్లో చెనిక్కాయలు వొలుస్తూ ఉంది. నేనెవరో చెప్పాక, "ఓ, నీళ్ళ బిందె పిల్లోడివా!" అని నవ్వింది. నేను చేతులు కట్టుకుని, ముప్పై అయిదేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్నదంతా చెప్పేశాను. పేపరు, చిరిగిన కాగితం, నల్లబల్ల, అంతా. ఆమె వొలవడం ఆపలేదు.

"నాకు తెలుసులేప్పా," అంది. "మా పాప ఆరో తరగతిలో ఉన్నప్పుడే సదివింది. ఎవురన్నా సచ్చిపోతే రాసేదమ్మా ఇది అన్నాది. ఒక ఏడాది నేను ఆ చీర పెట్టె ఉండే గదిలోకి పోలే. ఎంత భయపడినానో నీకేమి తెలుసు? రోడ్డు దాటల్లంటే భయం, బావి దగ్గరికి పోవల్లంటే భయం."

నా భయమంతా నాదేననుకున్నాను. ఇన్నేళ్ళూ అందులో సగం ఈ మనిషి మోసిందని నాకు తట్టనే లేదు. "తప్పైపోయిందక్కా," అన్నాను.

"ఏం తప్పు? మా నాయన పోయినంక బుద్ధికొచ్చింది నాకు. ఆయప్ప దగ్గరుండి రాయించిన మాట అది. నోరు తెరిచి నాకు ఒక్క మంచిమాట చెప్పినోడు కాదు, ఆయప్పకు చేతనైనది అంతే. నేను సచ్చినంక రాస్తే సదువుతానా? ముందే రాయించినాడు, సూసుకున్నా." చేతులు దులుపుకుని లేచింది. "మా పాపకు సెప్పినా. నేను పోయిన పొద్దు ఆ చీరే కప్పల్ల అని. అప్పుడు మీ ఇంగ్లీషు సార్లకు కూడా సరిపోతాది కదా?"

సరిపోతుంది. ఎక్కడా వేలు పెట్టడానికి ఉండదు. చోటు సరి, సందర్భం సరి, మనిషి సరి. ఈ కాలంలో అందరూ ఫోన్లలో ఆ మాటను ఎంత సరిగ్గా వాడుతున్నారో చూస్తున్నాను. ముక్కూ మొహం తెలియని పెద్దాయనకు కూడా తప్పు లేకుండా, గులాబీలతో సహా పెడుతున్నారు, మధ్యాహ్నానికి మరిచిపోతున్నారు. నారెప్పా, మేమూ కలిసి ఇరవై రోజులు కష్టపడి తప్పుగా రాసింది మాత్రం ముప్పై అయిదేళ్ళు నిలబడింది. బతుకంతా పదిమంది తప్పులు దిద్దినవాణ్ణి, ఈ ఒక్కటి ఇంకో ముప్పై నలభై ఏళ్ళు ఎవరూ దిద్దకుండా ఉండాలని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ అక్కడే నిలబడి మొక్కాను.

"ఉండు, సూపిస్తా," అని సులోచనక్క స్టూలు వేసుకుని అటక మీదికి చేయి చాపింది. మూడుకాళ్ళ స్టూలు, అందులో ఒక కాలు పొట్టిది. నేను పరిగెత్తి రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె పెట్టె దించింది, చీర చూపించింది, మళ్ళీ ఎక్కి పెట్టెను లోపలికి నెట్టింది. నేను చీర వైపు చూడలేదు, స్టూలు వైపే చూస్తున్నాను. ఆమె దిగి, పక్కన నిలబడి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇడువప్పా స్టూలు, దిగినా కదా."

"ఉండనీక్కా," అన్నాను.